వీలునామాతో సంగీత సేవ
భద్రాచలంలో భక్త రామదాసు స్మృతిలో ఏటా జరిగే వాగ్గేయకారోత్సవాల వంటి సంగీత సేవకు మరణానంతరం ఆస్తిని అందించే మార్గం వీలునామా, అంటే తన తదనంతరం తన ఆస్తి ఎవరికి చెందాలో యజమాని నిర్ణయించే పత్రం. తిరువయ్యారులో త్యాగరాజ సమాధి మందిరాన్ని నిర్మించిన బెంగళూరు నాగరత్నమ్మ, 1949లో రాసిన వీలునామాలో యావదాస్తినీ ఆ సేవకే అప్పగించడంతో పాటు, స్త్రీలకు అక్కడ పురుషులతో సమానంగా సేవించే హక్కు ఉండాలని షరతు విధించడం మహోన్నతమైన దూరదృష్టి. 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం సాధారణ వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. భద్రాచలం ఉన్న ఏజెన్సీలో, అంటే షెడ్యూల్డ్ ప్రాంతంలో, 1/70 భూ బదలాయింపు చట్టం గిరిజనేతరులకు భూమిని విక్రయించడాన్నీ దానమివ్వడాన్నీ నిషేధిస్తుంది; ఆ నిషేధం వీలునామాకు వర్తించకపోయినా, చిక్కులు లేకుండా ఇక్కడి దాతలు నగదును, నగలను, వాద్యాలను ఎంచుకుని, గ్రహీత సంస్థ పేరునూ వినియోగాన్నీ స్పష్టంగా పేర్కొనడం మేలు.