‘కఠినం’ అని రాసే ముందు...

(కోరుట్లలో విద్యార్థులు, ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



మేం పత్రికలల్ల పనిచేసేటోళ్లం. తెలంగాణ కోసం మీతోపాటు రోడ్డెక్కినోళ్లం. ఇయ్యాల మా తప్పు ఒప్పుకోవడానికి మీ ముందటికొచ్చినం.

ఏటా పరీక్షలొస్తే మేమేం చేస్తం? లెక్కల పరీక్ష అయిపోంగనే సెంటరు గేటు కాడ నిలబడుతం. బయటికొచ్చిన పిల్ల ముందట మైకు పెట్టి ‘పేపర్ ఎట్లొచ్చింది?’ అని అడుగుతం. కండ్లల్ల నీళ్లున్న మొఖం దొరికితే అదే ఫొటో. తెల్లారి ‘లెక్కల పేపర్ కఠినం, కన్నీళ్లతో విద్యార్థులు’ అని వార్త. ఇంకా సైన్సు రాయాల్సిన పిల్ల అది చూసి ఆగమైతది. సిలబస్ బయటి నుంచి ఎన్ని మార్కులకు ప్రశ్నలొచ్చినయి? ఆ బడిల లెక్కల సారు పోస్టు ఎన్నాళ్ల సంది ఖాళీగున్నది? ఈ రెండు మాటలు మాత్రం మేం అడగం.

ఫలితాలొచ్చిన రోజు జిల్లాల ర్యాంకులు రాస్తం. జగిత్యాల జిల్లా 2018ల, 2019ల రాష్ట్రంల మొదటి స్థానంల నిలిచింది. 2019ల 99.73 శాతం పాసైండ్రు. సిరిసిల్ల జిల్లా 2024ల 98 శాతం దాటింది. బీడీలు చుట్టే తల్లుల పిల్లలు, గల్ఫ్‌కు పోయిన తండ్రుల పిల్లలు, సాంచాలు నడిపే నేత కార్మికుల పిల్లలు సాధించిన గెలుపిది. మనకు గర్వమే. కాని ఊరంతా పాసైన కాడ తప్పిన ఆ ఒక్క పిల్లగాడు ఇంటికి ఎట్ల పోతడు? వాని కోసం మా పేపర్ల ఒక్క లైను లేదు.

2019 ఏప్రిల్ 18న ఇంటర్ ఫలితాలొచ్చినయి. 20 మందికి పైగా పిల్లలు మనకు దూరమైండ్రు. ఒక బిడ్డకు తెలుగుల సున్నా వేసి, తర్వాత 99 అని దిద్దిండ్రు. ఫెయిలైనోళ్ల పేపర్లు మళ్ల చూస్తే వెయ్యి మందికి పైగా పాసైండ్రు. ఆ తప్పులను పత్రికలు బయటపెట్టినయి. అది మా పని, చేసినం. కాని అదే పేజీల రోజుకొక ఫొటో, రోజుకొక లెక్క వేసి మిగిలిన పిల్లల్ని భయపెట్టినం. ఆత్మహత్య వార్తను పెద్దగ పెట్టొద్దు, మళ్లమళ్ల రాయొద్దు, ఫొటోలు వాడొద్దు అని ప్రెస్ కౌన్సిల్ అదే ఏడు సెప్టెంబర్‌ల చెప్పింది.

2011ల సకల జనుల సమ్మె 42 రోజులు నడిచింది. టీచర్లు కూడా సమ్మెల ఉన్నరు. పిల్లల చదువులు పాడైతున్నయని కొందరు రాస్తే, మీకు పిల్లల మీద ప్రేమ ఇప్పుడే పుట్టిందా అని మనం అడిగినం. ఆ ప్రశ్న ఇయ్యాల మాకు కూడా తగులుతది. మరి మా ప్రేమ పరీక్షల నెల దాటి ఉంటున్నదా?

పరీక్ష మారరాని దేవుని రాత కాదు. పదకొండు పేపర్లు 2022ల ఆరైనయి. 2020ల కరోనా వల్ల పరీక్షలు రద్దైతే 5 లక్షలకు పైగా పిల్లల్ని పాస్ చేసిండ్రు. వాళ్ల చదువులు ఆగలె. పెద్దలు తలుచుకుంటే మారేదాని కోసం పిల్లలు ప్రాణం మీదికి తెచ్చుకోవద్దు.

అందుకే మేం ఒక మాట ఇస్తున్నం. గేటు కాడ ఏడ్చే పిల్ల ముందట మైకు పెట్టం. ‘కఠినం’ అని రాసే ముందు ప్రశ్నపత్రం పట్టుకొని సబ్జెక్టు సార్ల దగ్గరికి పోతం. ఫలితాల పక్కనే సప్లిమెంటరీ పరీక్ష వివరాలు వేస్తం. గుండెల బరువున్నోళ్లు మాట్లాడుకునే టెలిమానస్ నంబరు 14416 కూడా వేస్తం. ఖాళీ పోస్టుల లెక్క పరీక్షలప్పుడు కాదు, జూన్‌ల బడి తెరిచిన రోజే అడుగుతం.

మేం మాట తప్పితే మీరు మమ్మల్ని నిలదీయండి. కొట్లాడి తెచ్చుకున్న తెలంగాణల ఏ పిల్లా ఒక మార్కుల కాగితానికి బలి కావద్దు.

జై తెలంగాణ!