టేకు ఓడా, మా వాడి ఉలీ



పిల్లల్ని వెంటబెట్టుకుని ఏదైనా చూడబోవటం అంటే మన ఆడవాళ్ళకి ఎంత పనో నేను చెప్పనక్కర్లేదు. మంచినీళ్ళ సీసా, పులిహోర డబ్బా, తుడుచుకునే గుడ్డ, అన్నీ మోసుకుని వెళతాం. తీరా అక్కడికి చేరాక "అది ముట్టుకోకు, ఇటు రా, అటు పోకు" అనటంతోనే పొద్దు గడిచిపోతుంది. చూసిందేమిటో మనకీ గుర్తుండదు, పిల్లలకీ గుర్తుండదు. పోయిన ఏడు వేసవి సెలవుల్లో ఇలాగే బయల్దేరి నేనొక పాత యుద్ధనౌకని చూశాను. ఆ ఒక్క పూట మా ఇంట్లో రగులుతున్న తగువు నొకదాన్ని తీర్చింది. అందుకే మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు తగువేమిటో చెప్పాలి కదా. మాది కాకినాడ. మా అబ్బాయి అప్పుడు తొమ్మిదో తరగతి. మా వీధి చివర ఒక వడ్రంగి మేస్త్రి పాక ఉంది. బడి వదలగానే సంచీ గుమ్మంలో పడేసి, కాఫీ అయినా తాగకుండా, వీడు ఆ పాకలో ప్రత్యక్షం. ఇంటికి వచ్చేసరికి జుట్టు నిండా చెక్కపొట్టు. చొక్కా ఉతకటం నా వంతు. ఆ మేస్త్రి వీడి సరదా చూసి ఒక చిన్న ఉలీ, పాత సుత్తీ ఇచ్చాడు. వాటితో మా పెరట్లో కూర్చుని పీటకి కాళ్ళు బిగించాడు, పిచికలకి గూడు చేశాడు. అంతవరకు బాగానే ఉంది. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో 31 మార్కులు వచ్చాయి. ఇక చూడండి! వాళ్ళ నాన్నగారు ఆ ఉలీ సుత్తీ ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశారు. ఆయన వేశారు అంటున్నాను గాని, చెప్పి వేయించింది నేనే.

అంతటితో ఊరుకున్నానా? పాక దగ్గరికి వెళ్ళి, "మా వాణ్ణి రానివ్వకండి మేస్త్రిగారూ. చదువుకోవలసిన పిల్లాడు, ఉలి పట్టుకుంటే ఏమైపోతాడు?" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. "అలాగేనమ్మా" అన్నాడు, అంతే. ఆ మాట అనేటప్పుడు ఆయన చేతిలోనూ ఉలే ఉంది. ఆ సంగతి నాకు ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడ్డాక తట్టింది. తిరిగి వెళ్ళి ఏమని చెబుతాను? ఊరుకున్నాను. మా వాడు మాత్రం నాతో ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాడు. అన్నం పెడితే తినేవాడు, అడిగితే జవాబు చెప్పేవాడు. అంతే.

ఇలా ఉండగా ఇంగ్లండులో ఉన్న మా చెల్లెలు సెలవులకి రమ్మని పట్టుబట్టింది. మా మరిదిగారు మిడిల్స్‌బరోలో డాక్టరు. వాళ్ళ అమ్మాయికి పదకొండేళ్ళు, అక్కడే పుట్టి పెరిగింది. తెలుగు వచ్చు గాని మాట మాటకీ వెతుక్కుంటుంది. మా ఆయనకి సెలవు దొరకలేదు. నేనూ మా వాడూ వెళ్ళాం. ఒక ఆదివారం మరిదిగారు, "ఇక్కడికి కారులో అరగంట, హార్టిల్‌పూల్ అని సముద్రం ఒడ్డున ఊరు. అక్కడ మన బొంబాయిలో కట్టిన ఓడ ఒకటి ఉంది వదినగారూ, చూద్దురుగాని" అన్నారు. బొంబాయి ఓడ ఇక్కడెందుకుందా అనుకుంటూ వెళ్ళాను.

ఓడ పేరు ట్రింకోమలీ. సింహళంలో, అంటే ఇప్పటి శ్రీలంకలో, ఆ పేరుగల రేవు ఉంది కదా, ఆ పేరే. పాతకాలపు దుకాణాలలాంటివి చుట్టూ కట్టి, నడుమ నీళ్ళలో ఈ ఓడని నిలిపారు. మూడు తెరచాప కొయ్యలు ఆకాశంలోకి పోయి ఉన్నాయి. నలుపు మీద తెల్లచార, ఆ చారలో వరసగా ఫిరంగుల కిటికీలు. ఓడ ముందుభాగాన ఒక చెక్కబొమ్మ ఉంది. ఎవరనుకున్నారు? తలపాగా చుట్టుకున్న మన దేశపు మనిషి! మా చెల్లెలి కూతురు చూసి, "పెద్దమ్మా, తాతయ్య!" అని కేకవేసింది. మా నాన్నగారు పెళ్ళిళ్ళకి తలపాగా చుట్టుకున్న ఫోటో ఒకటి వాళ్ళ హాల్లో ఉంది లెండి. అందరం నవ్వుకున్నాం.

లోపలికి వెళ్ళాం. పై అంతస్తులో బాగానే నిలబడ్డాం గాని, కిందికి దిగిన కొద్దీ కప్పు తల మీదికి వచ్చేస్తుంది. మరిదిగారి నుదురు దూలానికి ఠంగుమని తగిలింది. అక్కడే కలాసీలు తినటం, అక్కడే పడుకోవటం. గుడ్డ ఉయ్యాలలు వేలాడదీసి పడుకునేవారట. ఆ రోజుల్లో యుద్ధనౌకల్లో ఒక్కొక్కడి ఉయ్యాలకి ఇచ్చిన చోటు 14 అంగుళాలు. నా చేత్తో జానా వేసి చూపించాను, జానెడున్నర ఉంటుంది. పిల్లలిద్దరూ ఆ కొలతలో పక్కపక్కన నిలబడి చూసుకున్నారు. తిండేమో రాయిలాంటి బిస్కట్లూ, ఉప్పు మాంసమూను. బిస్కట్లలో పురుగు ఉంటే దులుపుకుని తినడమే. తప్పు చేస్తే అందరి ముందూ కొరడా దెబ్బలు. ఆ కాలపు యుద్ధనౌకల్లో పన్నెండు పదమూడేళ్ళ కుర్రవాళ్ళు కూడా పని చేసేవారు. ఫిరంగికి మందు మోసి అందించటం వాళ్ళ పని. "నా అంత వాళ్ళా?" అన్నాడు మా వాడు. నీకంటే చిన్నవాళ్ళు కూడానురా అన్నాను.

ఇంతలో చూద్దును గదా, వాడు కనబడలేదు. నా గుండె జారిపోయింది. ఫిరంగుల మధ్య వెతికాను, మెట్ల దగ్గర వెతికాను. చివరికి ఒక మూల నేల మీద వెల్లకిలా పడుకుని పైకి చూస్తూ ఉన్నాడు! పరాయి దేశంలో ఇదేం పని అని నాకు ఒళ్ళు మండింది. చెయ్యి పట్టి లేపబోయాను. "అమ్మా, ఉండమ్మా. ఈ దూలం ఓడ పక్కకి ఎలా అతికిందో చూడు. వంగిన కొయ్యని వంపుకి సరిగ్గా చెక్కి ఆనించారు, వెంట్రుక పట్టదు. ఇది టేకే కదూ?" అన్నాడు. నెలన్నరలో వాడు నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే.

అక్కడ ఓడని చూపించే పెద్దాయన ఒకాయన ఇది గమనించి దగ్గరికి వచ్చారు. కోప్పడతారేమో అనుకున్నాను. ఆయన మోకాళ్ళ మీద వంగి వాడి పక్కనే కూర్చుని చెప్పటం మొదలుపెట్టారు. మా చెల్లెలు నాకు తెలుగులో చెప్పింది. ఆ చెప్పినవీ, తరవాత అక్కడి బోర్డుల మీద చదివినవీ కలిపి మీకు చెబుతాను.

ఫ్రెంచివాళ్ళతో యుద్ధాల కోసం ఓడల మీద ఓడలు కట్టి ఇంగ్లండులో ఓక్ కలపకి కరువు వచ్చింది. మలబారు అడవుల్లో టేకు ఉంది, బొంబాయిలో పనివాళ్ళున్నారు. సూరత్ నుంచి 1736లో లవ్‌జీ నస్సర్వాన్‌జీ వాడియా అనే పార్సీ పనివాణ్ణి ఈస్టిండియా కంపెనీ బొంబాయికి తీసుకువచ్చింది. వాళ్ళ వంశం తరతరాలుగా అక్కడ ఓడలు కట్టింది. ట్రింకోమలీ కట్టినప్పుడు పెద్ద మేస్త్రి ఆ లవ్‌జీ మనవడు జంషెట్‌జీ బొమన్‌జీ వాడియా. 1816లో ఓడ అడుగు దూలం వేసి, పార్సీల ఆచారం ప్రకారం దానికి వెండి మేకు కొట్టారు. మనం శంకుస్థాపనకి నవరత్నాలు వేస్తామే, అలాంటిదన్నమాట. 1817 అక్టోబరు 12న ఓడ నీటిలోకి దిగింది.

టేకే ఎందుకు అంటే, దానిలో నూనె ఉంటుంది, పురుగు అంత తేలిగ్గా తినదు, కుళ్ళదు. ఇంకొక సంగతి ఆడవాళ్ళకి బాగా అర్థమవుతుంది. ఓక్ చెక్కలో వగరు ఎక్కువ. కరక్కాయ రసం ఇనప గిన్నెకి తగిలితే నల్లబడుతుంది చూడండి, ఆ వగరే. అది ఇనప మేకుల్ని మెల్లగా తినేస్తుంది. టేకుతో ఆ బాధ లేదు. టేకు అనే పేరు కూడా మనది, మలయాళం వాళ్ళది. ఇంగ్లీషువాళ్ళు అక్కణ్ణించే తీసుకున్నారు.

ఓడ 1819లో ఇంగ్లండు చేరేసరికి యుద్ధాలు అయిపోయాయి. పాతికేళ్ళ పైన పనిలేక రేవులో పడి ఉంది. 1847 నుంచి అట్లాంటిక్‌లోనూ, 1852 నుంచి పసిఫిక్‌లోనూ తిరిగి 1857లో ఇంటికొచ్చింది. ఆ తరవాత కుర్రవాళ్ళకి ఓడపని నేర్పే బడి అయింది. 1897లో ముక్కలు చేసి అమ్మేవాళ్ళకి అమ్మేస్తే, వీట్లీ కాబ్ అనే ఆయన కొని కాపాడాడు. ఆయన పెట్టిన వేరే పేరుతో 1986 దాకా దాని మీద పిల్లలు శిక్షణ పొందారు. 1987లో హార్టిల్‌పూల్ తెచ్చి బాగుచేయటానికి పూనుకున్నారు. 1992లో పాత పేరు మళ్ళీ పెట్టారు, 2001కి పని పూర్తయింది. పాడైన చెక్క తీసి కొత్తది వేసినా, ఆనాటి బొంబాయి టేకు చాలా మటుకు అలాగే ఉంది. నీటి మీద తేలుతూ మిగిలిన బ్రిటిషు యుద్ధనౌకల్లో ఇదే అన్నిటికన్నా పాతది.

ఇదంతా విని నాకు ఛాతీ పొంగింది. "చూశారర్రా, మనవాళ్ళ గొప్ప!" అన్నాను పిల్లలతో. మా చెల్లెలి కూతురు కొంచెం ఆలోచించి, "పెద్దమ్మా, మనల్ని ఏలేవాళ్ళకి మనమే ఫిరంగుల ఓడ కట్టి ఇచ్చామా? ఎందుకు?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు నోట మాట రాలేదు. "పెద్దవాళ్ళని అలా అడక్కూడదు" అని అనబోయి ఆగాను. అడిగినదాంట్లో తప్పేముంది? ఆ బొంబాయి రేవులోనే కట్టిన ఇంకో ఓడ, కార్న్‌వాలిస్ మీదే, 1842లో ఓడిపోయిన చైనా చేత సంధిపత్రం మీద సంతకం పెట్టించారు. నల్లమందు వ్యాపారం కోసం జరిగిన యుద్ధం అది. పని గొప్పదే, పని చేయించుకున్నవాడి ఉద్దేశం గొప్పది కాదు. రెండూ నిజమేనమ్మా, పనివాడు పొట్ట కోసం పని చేశాడు, చేసింది మాత్రం మనసు పెట్టి చేశాడు, అని చెప్పాను. ఆ పిల్లకి ఎంత అర్థమైందో గాని తల ఊపింది. పిల్లలకి సగం చెప్పి పొంగిపోవటం కన్నా మొత్తం చెప్పి ఆలోచించుకోనివ్వటం మంచిదని నాకు ఆ పూట అనిపించింది.

మా వాడు ఇంకొకటి అడిగాడు. "పెద్ద మేస్త్రి పేరు ఉంది. ఈ అతుకు చెక్కినవాడి పేరు ఎక్కడుంది?" నేను చదివిన బోర్డుల్లో నాకు కనబడలేదు. వందలమంది బాడిసలూ ఉలులూ పట్టుకుని చెక్కితేనే కదా ఇంత ఓడ అయింది! వాళ్ళ అమ్మలు కూడా నాలాగే, ఉలి పట్టుకుంటే ఏమైపోతాడో అని అనుకుని ఉంటే? అప్పుడు మా మేస్త్రి "అలాగేనమ్మా" అన్న మాట చెవిలో వినబడింది. అక్కడే, ఓడ కడుపులో నిలబడి, సిగ్గుపడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా కోరంగి సంగతి పిల్లలకి చెప్పాను. మా కాకినాడ పక్కనే ఉన్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కణ్ణించి బర్మా వెళ్ళిన మనవాళ్ళని అక్కడివాళ్ళు కోరంగీలు అనే పిలిచేవారు. 1839 నవంబరులో తుఫానూ ఉప్పెనా వచ్చి ఆ రేవుని తుడిచిపెట్టేశాయి. ఆ పక్కనే తాళ్ళరేవులో చెక్కపడవలు కట్టేవాళ్ళు ఉన్నారని పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వింటున్నాను. ఇంగ్లండు వెళ్ళి ఓడ చూశాను గాని, పది మైళ్ళలో ఉన్న ఆ పడవల పని మా పిల్లాడికి ఒక్కనాడూ చూపించలేదు.

ఇంటికొచ్చాక మా ఆయనతో మాట్లాడి ట్రంకుపెట్టె తాళం తీయించాను. ఆదివారాలు పాకకి వెళ్ళొచ్చు, మిగతా రోజులు పొద్దున్నే గంటసేపు లెక్కలు చెయ్యాలి అని ఒప్పందం. తరవాత ఆ ఓడ అతుకు ఫోటో పట్టుకుని నేనే మేస్త్రి దగ్గరికి వెళ్ళాను. "ఆ రోజు నేను అలా అనకూడదు మేస్త్రిగారూ" అన్నాను. ఆయన దానికి జవాబు చెప్పలేదు. ఫోటో వెలుతురుకి పెట్టి చాలాసేపు చూశాడు. "వంపు కొయ్యని వంపు తిరిగిన కొమ్మ దగ్గరే కోశాడమ్మా. రేఖ తెగలేదు. అందుకే నిలిచింది" అన్నాడు. మా వాడి వైపు చూసి, "ఆదివారం పెందలాడే రా, ఉలి నూరటం నేర్పుతాను" అన్నాడు.

మా వాడికి ఈసారి లెక్కల్లో 44 వచ్చాయి. అంతకంటే గొప్ప కబురేమీ లేదు. వాడు ఇంజనీరవుతాడో, వడ్రంగి అవుతాడో, మరేమవుతాడో ఇప్పుడే చెప్పలేను. నాతో మాత్రం మళ్ళీ మాట్లాడుతున్నాడు. వచ్చే సెలవుల్లో తాళ్ళరేవు వెళ్ళాలని అనుకున్నాం. మీరూ పిల్లల్ని ఎక్కడికైనా తీసుకువెళ్ళినప్పుడు, వాళ్ళు ఒకచోట నిలబడిపోతే చెయ్యి పట్టి లాగకండి. ఒక్క నిమిషం మీరూ పక్కన నిలబడి, ఏం చూస్తున్నారో చూడండి.

ఇక సెలవు.