తెరమీది గురుతు, మానవుని కన్ను



వేలూరునుండియు గుడియాత్తమునుండియు ఇచ్చటికి విచ్చేసిన మనలో క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబము అరుదు. వైద్యుడు ఎక్స్‌రే పటమును చూచుచుండగా మనము ఆయన మోమును చూచుచుందుము. ఆ బూడిదవన్నె నీడలలో చిన్న మచ్చను కన్ను ఎట్లు పట్టుకొనునో నేడు కొంత విన్నవింతుము.

గుడియాత్తములో లుంగీలు నేయు మనవారికి ఈ సంగతి క్రొత్తది కాదు. గళ్లబట్టలో తెగిన పోగును వ్రేలితో చూపినంతనే కనబడును. చూపనిచో బట్టనంతయు వెదకవలెను.

రెండవ ప్రపంచయుద్ధమున జలాంతర్గాములకై రాడారు తెరను గంటలకొలది కనిపెట్టియుండినవారికి ఇదే చిక్కు కలిగెను. కేంబ్రిడ్జిలో నార్మన్ మాక్‌వర్త్ అను శాస్త్రజ్ఞుడు దీనిని పరీక్షించి 1948లో ఫలితములను ప్రకటించెను. గడియారపు ముల్లువంటి దొకటి అడుగడుగున కదలుచు, అరుదుగా ఒక్కసారి రెండడుగులు దూకును. ఆ దూకును పట్టుటయే పని. రెండు గంటల కాపలా. మొదటి అరగంట గడచునప్పటికే తప్పిపోవునవి హెచ్చెను. అరగంట పని, అరగంట విశ్రాంతి యిచ్చినచో ఆ లోపము కలుగలేదు. ఇది సోమరితనము కాదు, కంటి వెనుకనున్న మనస్సు స్వభావము.

కావుననే చోటు చూపు గురుతు లాభకరము. అయినను దానికొక వెల కలదు. 1980లో అమెరికాలో మైకేల్ పోస్నర్ ప్రకటించిన ప్రయోగములలో, బాణపు గురుతు సరియైన వైపు చూపినచో చూపరులు త్వరగా గుర్తించిరి. తప్పు వైపు చూపినచో, ఏ వైపును చూపని గురుతున్నప్పటికంటెను ఆలస్యమయ్యెను. పాఠ్యపుస్తకములో "ముఖ్యము" అని మనము గీతలు గీసియిచ్చినప్పుడు, గీత లేని పుటలకు మన పిల్లలు చేయునదియు ఇదియే గదా!

2013లో ప్రకటింపబడిన పరిశోధన మరింత విస్మయకరము. ఊపిరితిత్తుల సీ.టీ. పటములలో గడ్డలను వెదకుడని 24 మంది రేడియాలజిస్టులను కోరి, ఒకచోట గొరిల్లా బొమ్మను చేర్చిరి. అది సగటు గడ్డకు 48 రెట్లు పెద్దది. 20 మందికి అది కనబడలేదు. వారిలో పలువురి చూపు సరిగా దానిమీదనే ప్రసరించినదని కంటికదలికలను కొలుచు యంత్రము తెలిపెను.

రొమ్ము పటములలో అనుమానపు చోట్లకు గురుతు పెట్టు కంప్యూటరును అమెరికా ప్రభుత్వము 1998లో అనుమతించినప్పుడు విధించిన వరుస గమనింపదగినది. వైద్యుడు ముందుగా పటమును తానే పూర్తిగా చూడవలెను. యంత్రపు గురుతులు ఆ పిమ్మటనే.