మాజీ సైనికులు – రాష్ట్ర ప్రభుత్వ బాధ్యత



దేశ రక్షణ కేంద్ర ప్రభుత్వ బాధ్యత అని మీరు పౌరశాస్త్రంలో చదువుకొన్నారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలు ప్రకారం రక్షణ కేంద్ర జాబితాలోని అంశం. సైనికుణ్ణి చేర్చుకొనేదీ, జీతం ఇచ్చేదీ, పింఛను ఇచ్చేదీ కేంద్రమే. మరి మాజీ సైనికుల విషయంలో రాష్ట్ర ప్రభుత్వం చేయవలసినది ఏమిటి? ఈనాటి ప్రసంగంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం.

సైనికుడు యూనిఫాం విడిచిన తరువాత ఎక్కడికి వెళతాడు? చాలామంది సొంత ఊరికే చేరుకొంటారు. అక్కడ వారికి కావలసిన ఇంటి స్థలం, పొలం కాగితాలు, రేషన్ కార్డు, పిల్లల చదువు, స్థానికంగా ఉద్యోగం – ఇవన్నీ ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వం చేతిలోని విషయాలు. అంటే సైనికుడి సర్వీసు కేంద్రానిదైనా, ఆ తరువాతి జీవితం చాలావరకు రాష్ట్రంతో ముడిపడి ఉంటుంది.

ఆ తరువాతి జీవితం చిన్నదేమీ కాదు. సైన్యం ఎప్పుడూ యువకులతో నిండి ఉండాలి. అందుకే సిపాయి, నాయక్, హవల్దార్ వంటి హోదాలలోని వారిలో ఎక్కువమంది 35 నుంచి 45 ఏళ్లలోపే విరమణ పొందుతారు. మన దేశంలో ఏటా సుమారు 60,000 మంది ఇలా బయటికి వస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో పనిచేసే గుమాస్తా 60 ఏళ్ల వరకు ఉద్యోగంలో ఉంటాడు. సైనికుడు మాత్రం పిల్లలు ఇంకా బడిలో ఉండగానే రెండో ఉద్యోగం వెతుక్కోవాలి.

ఈ అవసరం కోసం మూడు అంచెల వ్యవస్థ ఏర్పడింది. ఢిల్లీలో రక్షణ మంత్రి అధ్యక్షతన కేంద్రీయ సైనిక్ బోర్డు ఉంది. రాష్ట్ర స్థాయిలో రాజ్య సైనిక్ బోర్డు, జిల్లా స్థాయిలో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నాయి. జిల్లా అధికారి సాధారణంగా సైన్యంలో పనిచేసి వచ్చినవారే. ఈ కార్యాలయాల ఖర్చును ఎక్కువ రాష్ట్రాలలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. ఈశాన్య రాష్ట్రాలు, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ వంటి చోట్ల కేంద్రం వాటా 75 శాతం.

ఇక రాష్ట్రాలు ఇచ్చే సదుపాయాలు చూద్దాం. మొదటిది ఉద్యోగాలలో రిజర్వేషను. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో ఇది 2 శాతం. పంజాబ్‌లో 13 శాతం, హిమాచల్ ప్రదేశ్‌లో 15 శాతం. సైన్యంలో చేరే ఆనవాయితీ బలంగా ఉన్న ప్రాంతాలలో మాజీ సైనికుల సంఖ్య ఎక్కువ, అందుకే రిజర్వేషనూ ఎక్కువ. మన వైపు ఆ ఆనవాయితీ లేదని కాదు. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం గ్రామాన్ని జనం మిలటరీ మాధవరం అనే పిలుస్తారు. రెండు ప్రపంచ యుద్ధాలలోనూ ఆ ఊరివారు పాల్గొన్నారు.

రెండవది చదువు. ఇంజనీరింగ్ వంటి వృత్తివిద్యా కోర్సుల ప్రవేశాలలో సి.ఎ.పి. అనే కోటాను మీరు చూసే ఉంటారు. అది సైనికుల, మాజీ సైనికుల పిల్లలకు కేటాయించిన 2 శాతం సీట్లు. మూడవది భూమి. అర్హులైన మాజీ సైనికులకు ప్రభుత్వ భూమిని అసైన్ చేసే పద్ధతి మన ప్రాంతంలో చాలాకాలంగా ఉంది.

నాలుగవది ఆర్థిక సహాయం. దీని వెనుక ఒక చరిత్ర ఉంది. రెండవ ప్రపంచ యుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. 1945లో యుద్ధం ముగిశాక వారిలో చాలామందిని ఇళ్లకు పంపివేశారు. సిపాయికి పింఛను రావాలంటే 15 సంవత్సరాల సర్వీసు ఉండాలి. యుద్ధకాలంలో చేరినవారికి అయిదారేళ్ల సర్వీసే ఉన్నందువల్ల పింఛను దక్కలేదు. ఆ లోటును పూరించడానికే అనేక రాష్ట్రాలు వారికీ, వారి వితంతువులకూ నెలనెలా సహాయం ఇస్తూ వచ్చాయి.

ఇక గౌరవం మాట. విశాఖపట్నం సముద్రతీరంలో 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో స్మారక చిహ్నాన్ని నిర్మించారు. దానికి దగ్గరలోనే ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి ఉంది. 2001లో నౌకాదళ సేవ ముగించుకొన్న ఈ జలాంతర్గామిని 2002లో మ్యూజియంగా తెరిచారు. అక్కడ సందర్శకులకు వివరాలు చెప్పే పని నౌకాదళ విశ్రాంత ఉద్యోగులకు అప్పగించారు. గౌరవంతో పాటు ఉపాధి కూడా కలిగింది.

యుద్ధంలో ప్రాణాలు అర్పించినవారి కుటుంబాలను కూడా రాష్ట్రాలు ఆదుకొంటాయి. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో అమరుడైన సూర్యాపేట వాసి కల్నల్ సంతోష్ బాబు కుటుంబానికి తెలంగాణ ప్రభుత్వం 5 కోట్ల రూపాయలు, ఇంటి స్థలం, ఆయన భార్యకు గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చింది. 2025 మేలో నియంత్రణ రేఖ వద్ద అమరుడైన శ్రీ సత్యసాయి జిల్లా అగ్నివీర్ మురళీ నాయక్ కుటుంబానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 50 లక్షల రూపాయలు, 5 ఎకరాల భూమి, ఇంటి స్థలం, ఒకరికి ఉద్యోగం ప్రకటించింది.

ఇవి దేశమంతా చూసిన సంఘటనలు. కాని పత్రికలలో పేరు రాకుండా, ఏ గాయమూ లేకుండా ఇల్లు చేరి, వృద్ధాప్యంలో మరణించిన హవల్దారు భార్య సంగతి ఏమిటి? ఆమెకు రావలసింది కొత్త వరం కాదు, చట్టప్రకారం రావలసిన కుటుంబ పింఛను. పెళ్లి నాటి వివరం సర్వీసు రికార్డులో ఎక్కకపోయినా, రికార్డులో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉన్నా ఆ పింఛను ఆగిపోవచ్చు. మద్రాస్ రెజిమెంట్ వారి రికార్డులు నీలగిరులలోని వెల్లింగ్టన్‌లోనూ, ఫిరంగి దళం వారివి నాసిక్‌లోనూ ఉంటాయి. పల్లెలో ఉన్న ఆమె అక్కడికి ఎలా వెళ్లగలదు? ఆమె తరఫున ఉత్తరాలు రాసి, కాగితాలు సరిచేయించవలసింది జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం. అక్కడ తగినంత సిబ్బంది ఉన్నారా, వారు ఓపికగా వింటున్నారా అన్నదే రాష్ట్రం చూపే గౌరవానికి అసలైన కొలమానం. విగ్రహావిష్కరణ ఒక రోజులో ముగుస్తుంది. ఈ పని ఏడాది పొడుగునా సాగాలి.

రానున్న కాలంలో ఈ బాధ్యత మరింత పెరుగుతుంది. 2022లో కేంద్రం అగ్నిపథ్ పథకాన్ని ప్రవేశపెట్టింది. ఇందులో చేరినవారి సర్వీసు 4 సంవత్సరాలు. వారిలో 25 శాతం మంది వరకే శాశ్వత సర్వీసులోకి వెళతారు. మిగిలినవారు సుమారు 11.7 లక్షల రూపాయల సేవానిధితో, పింఛను లేకుండా, పాతికేళ్లు అటూ ఇటూగా ఉండగానే తిరిగి వస్తారు. ఆర్మీలో మొదటి జట్టు శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. వీరి కోసం పోలీసు నియామకాలలో హర్యానా 2024లో 10 శాతం, ఉత్తర ప్రదేశ్ 2025లో 20 శాతం రిజర్వేషను ప్రకటించాయి. మీ తోటివారిలో కొందరు ఈ దారిలోనే వెళ్లబోతున్నారు కనుక ఇది మీ తరం ప్రశ్న కూడా.

విద్యార్థులుగా మీరు చేయగలిగినది ఉంది. 1949 నుంచి ఏటా డిసెంబరు 7న సాయుధ దళాల పతాక దినోత్సవం జరుపుకొంటున్నాం. ఆ రోజు మీరు కొనే చిన్న జెండా సొమ్ము మాజీ సైనికుల, వారి కుటుంబాల సంక్షేమానికే వెళుతుంది. జెండా కొనడంతో ఆగకండి. మీ ఊరిలో మాజీ సైనికులు ఎవరున్నారో తెలుసుకోండి. ఇప్పుడు సైనిక పింఛన్లు స్పర్శ్ అనే కంప్యూటరు విధానం ద్వారా అందుతున్నాయి. ఏటా జీవన ధ్రువపత్రం సమర్పించాలి. ఫోను వాడడం రాని ఒక వృద్ధురాలికి ఆ పత్రం సమర్పించడంలో మీరు సాయపడితే, ఆమె పింఛను ఆగకుండా చూసినవారవుతారు. ఆమెకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఎక్కడుందో తెలియకపోతే మీరే వెంట తీసుకొని వెళ్లండి.