తోఁటబాటలలో మోటారు సైకిళ్లు

గ్రామపెద్దలారా! మన నూజివీటి యువకులు గుంపుగాఁ గూడి, రెండుదినములు మోటారు సైకిళ్లపై మామిడితోఁటల మట్టిబాటలఁ దిరుగ ననుమతి వేఁడినచో వలదనకుఁడు. వలదన్నచో నడుగకయే పోయెదరు. కాని కాల మెఱిఁగి పంపుఁడు.

పుష్యమాఘములలోఁ బూఁత, అప్పుడు దుమ్ము లేపుట కౌలుదారుని కడుపు గొట్టుటయే. వేసవిలో బంగినపల్లి, చిన్నరసముల కోఁతలు. ఆషాఢమునఁ దోఁటలు ఖాళీ యగును. అయినను జడివాన వెలిసిన మఱునాఁడు పోరాదు. బురదలోఁ బడిన గాఁడి యెండినచో ట్రాక్టరునకుఁ గూడ నిబ్బందియే.

నాయకుఁడు ముందుగాఁ గావలివానితో దారియంతయు నడచి చూడవలెను. ప్రతి మలుపునను వెనుకవాఁడు కనఁబడువఱకు ముందువాఁడు నిలువవలెను. శిరస్త్రాణమును 1988 నాఁటి మోటారు వాహనముల చట్టమే విధించినది. తోఁటలోఁ బోలీసు లేఁడని విడువరాదు. వంగిన మామిడికొమ్మ పోలీసుకంటెఁ గఠినము!

బిందుసేద్యపు గొట్టములున్న సాళ్లలోనికి బండి పోనీయరాదు. నిరుడు నా తోఁటలో నొక రాత్రి గొట్టము తెగి పది లేఁతమొక్కలెండినవి. ఎవ్వరి బండియో నేఁటికిని దెలియదు.