పన్ను పీకించే ముందు

భట్టిప్రోలు నుంచి పంటినొప్పితో తెనాలికో రేపల్లెకో బస్సెక్కి, వెళ్లీ వెళ్లగానే "పీకేయండి డాక్టరుగారూ" అనకండి.

చల్లనీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గితే చాలాసార్లు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. సలుపు రాత్రంతా వదలకపోతే లోపలి నరం దెబ్బతిని ఉండొచ్చు; ఎక్స్‌రే తీసి, అవసరమైతే రూట్ కెనాల్ చేస్తారు. లవంగ నూనె కాసేపు ఉపశమనమిస్తుందే తప్ప పుచ్చును ఆపదు.

రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను గోడలు పలచబడి ఉంటాయి. నొప్పి పోయింది కదా అని పైన క్యాప్ వేయించుకోవడం మానేస్తే, గట్టి చేగోడీ కొరికినప్పుడు నిలువునా చీలిపోవచ్చు. చీలిక వేరుదాకా పాకితే సాధారణంగా పీకడమే గతి. నిలబెట్టుకోగల పన్ను అలా పోవడం నాకు బాధగా ఉంటుంది.

ఖర్చు భారమైతే విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలో చూపించుకోండి. బుగ్గ వాచి జ్వరమొస్తే మాత్రం ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.