అప్పులిచ్చేవాళ్ళకూ ఒక సంఘం



పొదుపు సంఘం అంటే మీకు తెలుసు. నెల నెలా డబ్బు కూడబెడతారు. కష్టం వస్తే కలిసి పోయి అడుగుతారు. ఒక్కరు పోతే ఆఫీసులో కూర్చోమని కూడా అనరు. పదిమంది పోతే మాట వింటారు. అప్పులిచ్చేవాళ్ళకు కూడా అట్లాంటి సంఘాలు ఉన్నాయి. ఈరోజు వాటి సంగతి.

గౌలిపురాలో ఒక తల్లి ఉంది. బట్టలు కుడుతుంది. అరవై గజాల ఇల్లు. పైన రేకులు. వాన పడితే ఇంట్లో గిన్నెలు పెట్టాలి. స్లాబు వేయాలని ఆమె కోరిక. దానికి అప్పు కావాలి. అప్పు కావాలంటే ఇంటి కాగితాలు బ్యాంకులో కుదువ పెట్టాలి. ఆ కాగితాలు ఆమె అత్త పోయే ముందు చేతికిచ్చింది. ఇనుప పెట్టెలో, చీర మడతల నడుమ దాచుకుంది.

అప్పు ఇప్పిస్తానని ఒక ఏజెంటు వచ్చాడు. "భయమెందుకమ్మా? మా బ్యాంకు పెద్ద సంఘంలో మెంబరు" అన్నాడు. సంతకం పెట్టమని కాగితాలు ముందు పెట్టాడు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

"ఆ సంఘం ఎవరిది? మాదా, మీదా?" అని ఆమె అడిగింది.

అడగవలసిన మాటే అడిగింది. బ్యాంకుల సంఘం పేరు ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషన్. 1946లో 22 బ్యాంకులు కలిసి దీన్ని పెట్టుకున్నాయి. ఆఫీసు ముంబయిలో ఉంది. పేరు విని చాలామంది సర్కారు ఆఫీసు అనుకుంటారు. కాదు. బ్యాంకుల తరఫున సర్కారుతో, రిజర్వు బ్యాంకుతో మాట్లాడడం దీని పని. బ్యాంకు ఉద్యోగుల జీతాల గురించి యూనియన్లతో మాట్లాడేది కూడా ఇదే.

మరి అప్పు తీసుకున్నవాళ్ళకు దీనితో పనేమిటి? కొంత ఉంది. బాకీ ఎట్లా వసూలు చేయాలో ఈ సంఘం బ్యాంకులకు నమూనా నియమాలు రాసిచ్చింది. 2008లో రిజర్వు బ్యాంకు దీనికి ఇంకో పని చెప్పింది. వసూలు ఏజెంట్లకు కనీసం 100 గంటల శిక్షణ ఉండాలి, ఆ పాఠాలు తయారు చేయించమన్నది. గుమ్మం ముందు నిలబడి అరవడం ఆ పాఠాల్లో లేదు!

అయినా ఇది బ్యాంకులు పెట్టుకున్న సంఘం. బ్యాంకుతో తగవు వస్తే తీర్పు చెప్పే పెద్దమనిషి ఇది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇటువంటిదే ఒకసారి జరిగింది. చిన్న అప్పుల కంపెనీలు వారం వారం వసూలు చేసేవి. కట్టలేని ఆడవాళ్ళను నలుగురిలో అవమానించారు. ఆత్మహత్యల వార్తలు కూడా వచ్చాయి. ఆ కంపెనీలకు 2009లోనే ఎంఫిన్ అనే సంఘం ఉంది. సంఘం ఉన్నా ఆ బాధ ఆగలేదు. 2010 అక్టోబరులో రాష్ట్ర సర్కారే ఆర్డినెన్సు తేవలసి వచ్చింది. సభ్యుల నడత చూసే బాధ్యతను రిజర్వు బ్యాంకు ఎంఫిన్‌కు ఇచ్చింది 2014లో.

గౌలిపురా తల్లికి అసలు భయం కాగితాల గురించే. పక్క గల్లీలో ఒకామె అప్పంతా తీర్చింది. ఏడాదైనా కాగితాలు చేతికి రాలేదు. రేపు రా, మాపు రా అని తిప్పారు. ఇప్పుడు దీనికి రిజర్వు బ్యాంకు ఆజ్ఞ ఉంది. 2023 డిసెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లో అసలు కాగితాలు తిరిగి ఇవ్వాలి. తమ తప్పు వల్ల ఆలస్యం చేస్తే రోజుకు 5,000 రూపాయలు అప్పు తీసుకున్న మనిషికే కట్టాలి. కాగితాలు పోగొడితే నకళ్ళు తెప్పించే ఖర్చు కూడా వాళ్ళదే. బ్యాంకులకూ, ఇళ్ళ అప్పుల కంపెనీలకూ ఇదే ఆజ్ఞ.

పేచీ వస్తే ముందు బ్యాంకుకే రాసివ్వాలి. రాసిచ్చినట్టు రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎట్లా చేయాలో చెబుతారు. ఇళ్ళ అప్పుల కంపెనీ మీద ఫిర్యాదు అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంకుకు పంపాలి.

ఇక ఆ ఇంగ్లీషు కాగితాలు. 2024 అక్టోబరు 1 నుంచి ఇంకో నియమం ఉంది. అప్పు ఇచ్చే ముందే ముఖ్యమైన వివరాల పత్రం ఇవ్వాలి. దాన్ని కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అంటారు. వడ్డీ ఎంత, ఫీజులెంత, అన్నీ కలిపి ఏడాదికి నూటికి ఎంత పడుతుంది, అందులో రాయాలి. అప్పు తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో రాయాలి.

"తెలుగు కాగితం తీసుకురా బిడ్డా, అప్పుడు సంతకం పెడతా" అన్నది ఆ తల్లి.

"ఎవరూ అడగరమ్మా!" అన్నాడు ఏజెంటు.

"నేను అడుగుతున్న కదా."

నాలుగు రోజులకు తెచ్చాడు. ఆమె మిషను ఆపింది. అక్షరాల కింద వేలు పెట్టి నెమ్మదిగా చదివింది. నోటితో చెప్పిన వడ్డీ ఒకటి. కాగితం మీద అన్నీ కలిపిన లెక్క దానికన్నా ఎక్కువ ఉంది. ఇంకా కిందికి చదివింది. ఒక చోట వేలు ఆగింది.

"ఈ బీమా నేను అడగలేదే. ఎందుకు రాసినవ్?"

ఏజెంటు జేబులోంచి ఫోను తీసి ఆఫీసుకు కలిపాడు.